ఎండుగడ్డి దొరకడం లేదు: గుర్రాలు, గేదెలు, గొర్రెలు ఉన్నవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు?

ఆదోని_అశ్వం
2 ఏప్రిల్ 2024, ఉదయం 6.40

అందరికీ నమస్తే. మాది ఆదోని. నాలుగు గుర్రాలున్నాయి, పెళ్లి ఊరేగింపులకు పంపుతాం. జేజినాయన కాలంలో జట్కా, ఇప్పుడు బారాత్. నాలుగింట్లో ఒకటి చూడి గుర్రం.

మామూలుగా సంక్రాంతి అయినాక సిరుగుప్ప వైపు నుంచి ఒక లారీ వరిగడ్డి దించుకుని, చుట్టుపక్కల ఎంత దొరికితే అంత జొన్న చొప్ప వేసుకుంటే మళ్లీ వానలదాకా దిగులుండదు. ఈ తడవ రెండూ లేవు. తుంగభద్ర డ్యాములోకి నీళ్లు సరిగా రాలేదు. అవతల కర్ణాటకలో 223 తాలూకాలు కరువు కింద పెట్టినారు. వాళ్ల ఎద్దులకే వాళ్లకు చాలడం లేదు, మనకేం అమ్ముతారు? ఇంక జొన్న అంటారా, మా చుట్టూ ఇప్పుడు అంతా పత్తే. పత్తికట్టె పొయ్యిలోకి పనికొస్తుంది గానీ గుర్రానికి ఏం పెడతాం.

దీనికి తోడు మూఢం. ఈ నెలాఖరు నుంచి శ్రావణం దాకా ముహూర్తాలు లేవంటున్నారు పంతుళ్లు. ముస్లిముల పెళ్లిళ్లు కొన్ని ఉంటాయి, వాటితోనే గడవాల. గుర్రానికి మూఢమని చెబితే మేత మానేస్తుందా?

నాకు తెలియాల్సినవి రెండు. ఒకటి, మంచి ఎండుగడ్డి ఏ దిక్కున ఉంది? రెండు, గేదెలోళ్లు యూరియా గడ్డి, సైలేజ్, సుబాబుల్ అంటా ఏవేవో చెబుతున్నారు. వాటిలో గుర్రానికి ఏది పెట్టొచ్చు?

పాలమూరు_పాడి
2 ఏప్రిల్ 2024, ఉదయం 8.15

అన్నా, గదే కథ ఇక్కడ గూడ. మాది దేవరకద్ర దిక్కు. రెండెకరాల సూపర్ నేపియర్ పెట్టిన, ఫిబ్రవరి దాక మంచిగనే కోసినం. తర్వాత బోరు ఆగి ఆగి పోసుడు మొదలుపెట్టింది. ఇగ గడ్డి లేస్తలేదు. వరిగడ్డి కట్ట కొందామంటే పోయినేడు ఇచ్చిన రేటుకు డబుల్ చెప్తున్నరు, అదీ ముందుగల పైసలు కడితేనే.

పెబ్బేరు సంతకు పోయి సూడు, పాలిచ్చే బర్లు గూడ వస్తున్నయి. అమ్మేటోళ్లు ఎక్కువ, కొనేటోళ్లు తక్కువ. లక్ష పెట్టి తెచ్చిన బర్రెను సగానికి అడుగుతున్నరు. నేను వట్టిపోయిన రెండిటిని ఇచ్చేసిన. ఉన్నయి బతకాలె గద.

గుర్రాల సంగతి నాకు తెల్వది, డాక్టర్ సాబ్ ఎవరన్న చెప్పాలె.

డెల్టా_వరి
2 ఏప్రిల్ 2024, మధ్యాహ్నం 1.05

మాది బాపట్ల దగ్గర. గడ్డి లేదనను. ఉంది, కాకపోతే నల్లగడ్డి. డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను మా నెత్తిమీదే తీరం దాటింది. అప్పటికి కోసిన పనలు చేలోనే ఉన్నాయి, కొయ్యని చేలు పడిపోయాయి. ఎన్నో రోజులు నీళ్లలో నానాయి. గింజ మొలకెత్తిపోయింది, గడ్డి కుళ్లింది. ఎండాక వాము వేసినవాళ్లు ఉన్నారు. పైన చూస్తే గడ్డిలాగే ఉంటుంది, లోపల చెయ్యి పెడితే బూజు, ముక్క వాసన. మా గేదెలే మూతి తిప్పేస్తున్నాయి.

పల్నాడు వైపు సాగర్ కుడి కాలువ కింద చాలా చోట్ల వరి నాట్లే పడలేదు. అక్కడి వాళ్లు మామూలుగా మాకు గడ్డి అమ్మేవాళ్లు, ఈసారి వాళ్లే మా ఊరొచ్చి అడుగుతున్నారు.

ఆదోని అన్నా, ఎవరైనా తక్కువ రేటుకు కృష్ణా డెల్టా గడ్డి అంటే తొందరపడి కొనకండి.

మూగజీవాల_డాక్టర్
2 ఏప్రిల్ 2024, రాత్రి 9.30

పశువైద్యుడిగా రిటైరయ్యాను, నంద్యాలలో ఉంటాను. ఆదోని తమ్ముడి రెండో ప్రశ్నకు వివరంగానే రాస్తాను, ఎందుకంటే గడ్డి కరువు వచ్చిన ప్రతిసారీ గేదెలకు చెప్పిన సలహా విని గుర్రాలను పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

గేదెకు నెమరు ఉంది. పెద్ద పొట్టలో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు ఉండి, చెత్త గడ్డిని కూడా పులియబెట్టి, యూరియాలోని నత్రజనిని కూడా మాంసకృత్తులుగా మార్చి ఇస్తాయి. గుర్రానికి పొట్ట చిన్నది, పులియబెట్టే పని చివర పెద్దపేగులో జరుగుతుంది. వాంతి కూడా చేసుకోలేదు. తిన్నది పాడైతే బయటికొచ్చే దారి లేదు, కడుపుశూల వచ్చి నేలమీద పొర్లుతుంది.

యూరియా గడ్డి: నూరు కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, తొక్కి, గాలి దూరకుండా పట్ట కప్పి 21 రోజులు ఉంచుతారు. పాలమూరు మిత్రుడికి ఇది బంగారం లాంటి ఉపాయం, తప్పకుండా చెయ్యమంటాను. విప్పాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి పెట్టాలి, ఆరు నెలల లోపు దూడలకు వద్దు. గుర్రానికి మాత్రం వద్దే వద్దు.

గేదెల దాణా సంచులు కూడా అంతే. కొన్నింట్లో యూరియా ఉంటుంది. కొన్నింట్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. గేదెకు, కోడికి పనికొచ్చే ఆ మందు గుర్రానికి విషం, గుండె కండరం దెబ్బతిని చచ్చిపోతుంది. రాయితీ మీద వస్తుంది కదా అని టీఎంఆర్ దాణా (పశువులకు మేత, గింజ అన్నీ కలిపి తయారుచేసేది) కూడా పెట్టకండి.

సుబాబుల్: ఆకులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఎక్కువ మేపితే గుర్రానికి జూలు, తోక వెంట్రుకలు ఊడిపోతాయి. పెళ్లి గుర్రానికి జూలు పోతే నీ బేరం ఏమవుతుందో నువ్వే ఆలోచించు తమ్ముడూ. గేదెలకైతే మొత్తం మేతలో మూడో వంతు దాటకుండా పెట్టుకోవచ్చు.

సైలేజ్, అంటే గాలి దూరకుండా మూటకట్టి మాగబెట్టిన పచ్చిమేత: మూట ఒకసారి విప్పాక రోజుల తరబడి సాగదీస్తే బూజు పడుతుంది. సరిగా మాగని దాంట్లో బాటులిజం భయం ఉంది, ఆ విషం గుర్రానికి చాలా తొందరగా ఎక్కుతుంది. నాలుగు గుర్రాలవాడు ఒక పెద్ద మూటను రెండు రోజుల్లో ముగించలేడు కాబట్టి వద్దంటాను.

రేపు ఏం పెట్టొచ్చో రాస్తాను. కళ్లు లాగుతున్నాయి.

గొర్రెల_మంద
2 ఏప్రిల్ 2024, రాత్రి 10.12

మాది కళ్యాణదుర్గం. మా తట్టు వేరుశనగ కట్టె అంటే బంగారం. పోయిన వానాకాలం ఆగస్టులో చుక్క పడలేదు. 1901 నుంచి లెక్క తీస్తే దేశంలోనే అంత ఎండిన ఆగస్టు లేదని వాతావరణశాఖ వాళ్లే చెప్పినారు. విత్తనం వేసినోళ్లకు కాయా లేదు, కట్టే లేదు. మందలు తోలుకుని సగం మంది బయటికి పోయినారు. నేను ఉండిపోయినా, తుమ్మకాయలు రాల్చి మేపుతుండా.

ఒక మాట, తప్పుగా అనుకోవద్దు. మనుషులకే తాగేదానికి నీళ్లు లేని కాడ పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు షోకు కదా? ఎద్దు లేకపోతే సేద్యం నిలబడుతుంది, గుర్రం లేకపోతే ఏం నిలబడుతుంది?

ఆదోని_అశ్వం
3 ఏప్రిల్ 2024, ఉదయం 6.05

గొర్రెలన్నా, పెళ్లికొడుక్కు షోకు. నాకు కూడు. మా ఇంట్లో ఏడుగురం దాని మీదే బతుకుతున్నాం. నాకు సెంటు భూమి లేదు. గేదెలోనికి పాలకేంద్రం ఉంది, లోను ఉంది, రాయితీ దాణా ఉంది. గుర్రాలోన్ని అడిగితే ‘లిస్టులో గుర్రం లేదు’ అంటారు. 2012 లెక్కల్లో దేశంలో 6 లక్షల పైన గుర్రాలు, పోనీలు ఉండేటివి. 2019 లెక్కకు 3 లక్షల 40 వేలకు పడిపోయినాయి. లిస్టులోకి ఎక్కించే లోపల ఎక్కించేదానికి గుర్రాలే ఉండవేమో.

డాక్టర్ సార్, శానా థాంక్స్. సుబాబుల్ మండలు రెండు దినాలు వేసినా, ఇప్పుడే ఆపేసినా. కొర్ర గడ్డి ఇస్తామని పత్తికొండ కాడ ఒకరు అంటున్నారు, రేటు కూడా తక్కువే. ఎద్దులు శానా ఇష్టంగా తింటాయి. తీసుకోమంటారా?

నిర్వాహకుడు
3 ఏప్రిల్ 2024, ఉదయం 7.30

ఎవరి పశువు అవసరం, ఎవరిది షోకు అన్న వాదన ఇక్కడితో ఆపేద్దాం. ఎన్నికల కోడ్ నడుస్తోంది, ఏ పార్టీ గడ్డి ఇచ్చింది, ఎవరు ఇవ్వలేదు అన్న పోస్టులు మూడు తీసేశాను. మేత గురించే రాయండి.

మూగజీవాల_డాక్టర్
3 ఏప్రిల్ 2024, ఉదయం 10.20

కొర్ర గడ్డి తీసుకోవద్దు తమ్ముడూ. బాగా అడిగావు. రాయలసీమలో ఎద్దుకు కొర్ర గడ్డిని మించిన మేత లేదంటారు, అది నిజమే. గుర్రానికి మాత్రం అదొక్కటే వారాల తరబడి మేపితే మూత్రపిండాలు, కీళ్లు దెబ్బతింటాయి. ఇంకేమీ దొరకనప్పుడు ఏ నాలుగో వంతో కలపడం వేరు, లారీ కొని వాము వేసుకోవడం వేరు.

ఇక పెట్టదగినవి. గుర్రానికి రోజుకు దాని ఒంటి బరువులో వందకు ఒకటిన్నర నుంచి రెండు కిలోల ఎండుమేత కావాలి. నీ గుర్రం 350 కిలోలు ఉంటుందనుకుంటే 5 నుంచి 7 కిలోలు. దీన్ని తగ్గించి ఆ లోటు ఉలవలతోనో, తవుడుతోనో పూడుద్దామని చాలామంది చూస్తారు. అలా చెయ్యొద్దు. పీచు లేకుండా గింజ పెరిగితే కడుపుశూల, లేదంటే గిట్టల్లో వాపు. గోధుమ తవుడు మరీ ఎక్కువైతే భాస్వరం పెరిగి, ఎముకల్లోని కాల్షియం కరిగి మొహం ఎముకలు ఉబ్బుతాయి. నేపియర్ లాంటి గడ్లలో ఆక్సలేట్లు ఎక్కువ. అదే పనిగా మేపితే అవీ కాల్షియాన్ని ఇలాగే తినేస్తాయి. చూడి గుర్రానికి ఇంకా జాగ్రత్త.

నీ దగ్గర్లో ఉన్నది, నువ్వు రాయనిది ఒకటుంది: శనగ పొట్టు. ఆలూరు, పత్తికొండ, ఆస్పరి అంతా శనగ వేసే నేలలే. ఈసారి దిగుబడి తగ్గినా నూర్చిన కళ్లాల దగ్గర పొట్టు కుప్పలు ఉండాలి. జల్లెడ పట్టి, దుమ్ము పోగొట్టి, కాస్త నీళ్లు చిలకరించి పెట్టు. మేతలో మూడో వంతు దాకా దాంతో గడుస్తుంది. కంది పొట్టు కూడా పనికొస్తుంది. వేరుశనగ కట్టె దొరికితే చాలా మంచిది, బూజు లేనిదైతేనే.

జొన్న చొప్ప పండి ఎండినదైతే పెట్టొచ్చు. నీళ్లు చాలక వాడిన లేత జొన్న మాత్రం ఏ పశువుకూ వద్దు, అందులో నాము విషం ఉంటుంది.

వరిగడ్డి గుర్రానికి గొప్ప మేతేమీ కాదు. ఇసుకలాంటి సిలికా ఎక్కువ, మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లే. అయినా పొట్ట నింపడానికి పనికొస్తుంది. కత్తిరించి, తడిపి పెట్టు. నీళ్లు తక్కువ తాగితే పేగులో ఉండకట్టి అడ్డుపడుతుంది. ఎండాకాలం కాబట్టి తొట్టిలో రోజంతా నీళ్లుండాలి, పక్కన ఉప్పుగడ్డ పెట్టు. ఏ మేతకైనా వారం, పది రోజులు కొద్దికొద్దిగా అలవాటు చెయ్యి.

డెల్టా_వరి
3 ఏప్రిల్ 2024, మధ్యాహ్నం 12.40

డాక్టర్ గారూ, మా దగ్గర వరి తర్వాత మొక్కజొన్న వేస్తారు, ఇప్పుడు కోతలు నడుస్తున్నాయి. చొప్ప చేలోనే తగలబెడుతున్నారు. చాఫ్‌కట్టర్‌లో వేసి పెడితే మా గేదెలు తింటున్నాయి. గుర్రాలకు పనికొస్తుందా?

మూగజీవాల_డాక్టర్
3 ఏప్రిల్ 2024, మధ్యాహ్నం 2.15

గేదెలకు భేషుగ్గా పెట్టండి, కాల్చేవాళ్లను ఆపగలిగితే ఇంకా మంచిది. గుర్రానికి నేను చెప్పను. బూజు పట్టిన మొక్కజొన్నలో ఫ్యూమోనిసిన్ అనే విషం పుడుతుంది, అది గుర్రం మెదడును కరిగిస్తుంది. ఒకసారి లక్షణాలు కనిపించాక చేసేదేమీ ఉండదు.

ఇంకో మాట, మీ నల్లగడ్డి గురించి. బూజు వరిగడ్డి తిన్న గేదెలకు తోక కొస, చెవుల అంచులు, గిట్టల పైభాగం నల్లబడి కుళ్లుతాయి. డెగ్నాల అంటారు. అలా కనబడిన వెంటనే ఆ వాము మేపడం ఆపేయండి. ఎరువు గుంతలో వేసుకోండి, పొలానికైనా పనికొస్తుంది.

పాత_మునసబు
3 ఏప్రిల్ 2024, సాయంత్రం 5.50

అందరూ వాననే తిడుతున్నారు. 2002లో ఇంతకన్నా పెద్ద కరువు వచ్చింది, అప్పుడు కూడా మా ఊళ్లో ప్రతి ఇంటి వెనకా పాత వాము ఒకటి ఉండేది. కొత్త గడ్డి వచ్చేదాకా పాతది తియ్యకూడదని మా పెద్దలు కట్టడి చేసేవాళ్లు. ఇప్పుడు ఏ ఇంటి వెనక చూసినా ఖాళీ.

కోత మిషన్ వచ్చింది, అడుగు ఎత్తున మోడు వదిలేసి పైపైన కోసుకుపోతుంది. మిగిలినది నలిపి చేలో చిమ్ముతుంది. మనం అగ్గిపుల్ల గీస్తాం. ఆర్నెల్ల తర్వాత గడ్డి లేదని ఏడుస్తాం. దేవుడు ఇచ్చినదాన్ని బూడిద చేసి దేవుణ్ని తిట్టడమేంటి?

డెల్టా_వరి
3 ఏప్రిల్ 2024, సాయంత్రం 6.35

బాబాయ్ గారూ, కాల్చకుండా ఏం చెయ్యమంటారో అది కూడా చెప్పండి. చేత్తో కోయించి, కట్టలు కట్టించి, కుప్ప వేయించి, నూర్పించడానికి ఎకరాకు ఎంతవుతుందో తెలుసా? కూలీలు దొరికితే కదా అసలు! మిషన్ గంటలో ఎకరం కోసేస్తుంది. ఆ తర్వాత మాకు ఉండేది నేల తడి ఆరేలోపు నాలుగు రోజులే. ఆ తడిమీదే మొక్కజొన్నో జొన్నో పడాలి. బేలర్‌ను పిలిస్తే గడ్డి ఎండాలి, ఇంకో మూడు రోజులు ఆగండి అంటాడు. తడి పోయాక వచ్చి కట్టలు కడితే నా రెండో పంట ఎవరు వేస్తారు?

నాకు రెండు గేదెలే ఉన్నాయి. మా వీధిలో ఇప్పుడు నాతో కలిపి ముగ్గురికే పశువులున్నాయి. పశువు లేనివాడు వాము ఎందుకు వేస్తాడు?

బేలర్_బాబు
3 ఏప్రిల్ 2024, రాత్రి 8.45

మిర్యాలగూడ ఏరియాల బేలర్ తిప్పుత. పైన ఇద్దరు చెప్పింది రెండూ నిజమే, నడుమ మాట నేను చెప్త.

మిషన్ కోసిన గడ్డి రెండు మూడు దినాలు ఎండాలె. తడి ఉండంగ కట్ట కడితే లోపల వేడెక్కి బూజు పడ్తది, పేరు నాది పోతది. మాకు సీజన్ నెల దినాలే. అందరికీ ఒక్కసారే కావాలె. పది ఊర్లకు మిషన్లు మూడుంటే ఏడు ఊర్లు కాల్చుకుంటయి. గంతే లెక్క.

రైతు దగ్గర గడ్డికి పెద్దగ రేటు లేదు, చేను ఖాళీ చేస్తె చాలు అంటరు. కట్ట కట్టినందుకు నాకు 35 రూపాయలు. కట్ట 15 కిలోల దాక తూగుతది. అసలు ఖర్చంత కిరాయిదే. గడ్డి బరువుండదు, జాగ మింగుతది. లారీ నిండిపోతది గని టన్నులు రావు. లూజు గడ్డి అయితే ఇంక అన్యాయం, గాలికి కిరాయి కట్టినట్టే.

ఇంకొకటి ఎవరు రాయలె. కట్టలు అన్నీ పశువులకే పోతలేవు. అట్ట ఫ్యాక్టరీలోళ్లు, పుట్టగొడుగులోళ్లు కొంటరు. ఏప్రిల్, మే వస్తె మామిడికాయ ప్యాకింగ్‌కు పోతది. వానలు పడంగనె వినాయకుల బొమ్మలోళ్లు వస్తరు, బొమ్మ లోపలంత వరిగడ్డే గద. వాళ్లు నగదు ఇస్తరు, బేరం ఆడరు. బర్లోళ్లు అప్పు అడుగుతరు. నేను డీజిల్ అప్పుకు తేలేను కదా భాయ్.

పాలమూరు_పాడి
3 ఏప్రిల్ 2024, రాత్రి 9.20

బాబు అన్నా, నగదే ఇస్త. యాసంగి కోతలు మీ దిక్కు ఎప్పుడు? 300 కట్టలు కావాలె. డాక్టర్ సాబ్ చెప్పిన యూరియా గడ్డి చేసుకుంట. ఫోన్ నంబర్ మెసేజ్ పెట్టు.

బేలర్_బాబు
3 ఏప్రిల్ 2024, రాత్రి 9.41

ఈ యాసంగి బోర్ల కింద ఏసినోళ్లదే, కాల్వ నీళ్లు రాలె. పది దినాలల్ల మొదలైతది. నీకు 200 ఇప్పిస్త, 300 చెప్పలేను. మెసేజ్ పెట్టిన.

మన్యం_కుర్రాడు
4 ఏప్రిల్ 2024, ఉదయం 7.00

మాది పాడేరు దగ్గర. మా ఏజెన్సీలో గుర్రం ఇప్పటికీ సరుకు మోస్తుంది, రోడ్డు లేని ఊళ్ల నుంచి సంతకు మిరియాలు, పసుపు, రాజ్‌మా దానిమీదే వస్తాయి. మేతకు కొండమీద వదిలేస్తాం, సాయంత్రం అదే వస్తుంది. గడ్డి కొనడం అనేదే మాకు తెలియదు. మీ పోస్టులు చదువుతుంటే ఆశ్చర్యంగా ఉంది. ఆదోని అన్నా, మూఢం మూడు నెలలు గుర్రాలను ఎవరైనా కొండ ప్రాంతంలో మేపుకి పెట్టుకునే పద్ధతి మీ వైపు లేదా?

ఆదోని_అశ్వం
4 ఏప్రిల్ 2024, ఉదయం 7.25

మా వైపు కొండలంటే బండలే తమ్ముడూ. గడ్డి మొలిస్తే గొర్రెలన్నోళ్లకే చాలదు.

డల్లాస్_రైతు
4 ఏప్రిల్ 2024, ఉదయం 8.50

ఉద్యోగం డల్లాస్‌లో, ఊరి బయట కొంచెం నేల, మేకలు, రెండు గుర్రాలు. 2011లో టెక్సాస్‌లో పెద్ద కరువు వచ్చింది. అప్పటికి నాకు పశువులు లేవు గానీ పక్క రాంచ్ పెద్దాయన ఇప్పటికీ ఆ ఏడాది గురించే చెబుతాడు. ఎండుగడ్డి వేరే రాష్ట్రాల నుంచి ట్రక్కుల్లో వచ్చేది. మేపలేక ఆవుల మందల్నే అమ్మేసుకున్నారు, గుర్రాలను రోడ్ల పక్కన వదిలేసినవాళ్లూ ఉన్నారట. అప్పటి నుంచి ఆయన ఏడాదిన్నరకు సరిపడా నిల్వ ఉంచుతాడు. పాత_మునసబు గారు చెప్పిన పాత వాము ఇక్కడ రేకుల షెడ్డులో ఉంటుంది.

ఇక్కడ లూసర్న్ అనే పశుగ్రాసం కొనేటప్పుడు కట్ట విప్పి పురుగులు చూస్తాం. బ్లిస్టర్ బీటిల్ అనే పురుగు ఎండిపోయి కట్టలో ఉంటే, కొన్ని తిన్నా గుర్రం పోతుంది.

గోదారి_గట్టు
4 ఏప్రిల్ 2024, మధ్యాహ్నం 12.10

ఆలస్యంగా చూశానండి. మాది ఉండి దగ్గర, పశ్చిమ గోదావరి. అందరూ కృష్ణ గురించే మాట్లాడుతున్నారు, మా గోదావరి కింద దాళ్వా బాగానే పండింది. కోతలు మొదలయ్యాయి. ఒక్క చినుకు తగలని గడ్డి, పచ్చటి రంగు పోకుండా ఎండింది. చేపల చెరువులు పెరిగాక మా దగ్గర పశువులు తగ్గిపోయాయి కాబట్టి అడిగేవాళ్లు లేరు. మా పక్క చేను నిన్న సాయంత్రమే కాల్చారు, ఆ పొగ ఇంట్లోకొచ్చి అమ్మ ఒకటే దగ్గు.

ఎవరికైనా కావాలంటే కట్టలు కట్టించి ఇప్పిస్తాను. గడ్డికి నాకేమీ వద్దు. బేలర్ ఖర్చు, ఎత్తుడు కూలీ, లారీ మీరు చూసుకోవాలి.

ఆదోని_అశ్వం
4 ఏప్రిల్ 2024, మధ్యాహ్నం 12.31

అన్నా మీకు దండం. ఆదోనికి లారీ కిరాయి కనుక్కుని సాయంత్రం చెబుతా.

ఆదోని_అశ్వం
4 ఏప్రిల్ 2024, రాత్రి 7.15

కనుక్కున్నా. ఉండి నుంచి ఆదోనికి 36 వేలు అడుగుతున్నాడు. 450 కట్టలు పడతాయంట. కట్టకు కట్టుబడి 35, ఎత్తుడు దించుడు 10, కిరాయి 80. మొత్తం 125. అంటే కిలో ఎనిమిది రూపాయల పైమాట. ఊరికే ఇచ్చిన గడ్డికి ఇది!

ఇక్కడ దొరికే చెత్త గడ్డి కంటే ఇదే నయం, కానీ 450 కట్టలు నేనొక్కన్నే పెట్టుకోలేను, అంత డబ్బు కూడా లేదు. నాలుగు గుర్రాలకు నెలకు 700 కిలోల పైనే పోతుంది, శనగ పొట్టు కలిపితే ఇంకా తగ్గుతుంది. నాకు 180 కట్టలు చాలు. మిగిలినవి ఎవరన్నా తీసుకుంటే లారీ మాట్లాడతా.

గొర్రెల_మంద
4 ఏప్రిల్ 2024, రాత్రి 8.02

గొర్రెలు వరిగడ్డి సరిగా తినవు గానీ ఇంట్లో నాలుగు ఎద్దులు, రెండు ఆవులు ఉండాయి. నాకు 120 రాయి. గుంతకల్లు దాకా నేనే ట్రాక్టర్ తోలుకొస్తా. ఆ పొద్దు అన్న మాట మనసులో పెట్టుకోవద్దు అశ్వం అన్నా.

ఆదోని_అశ్వం
4 ఏప్రిల్ 2024, రాత్రి 8.10

నువ్వు ట్రాక్టర్ తెస్తే చాలన్నా, అదంతా ఎప్పుడో మరిచిపోయినా. ఇంక మిగిలింది 150.

పాత_మునసబు
4 ఏప్రిల్ 2024, రాత్రి 8.40

డోన్‌లో మా అల్లుడి వాళ్లకు ఎద్దులున్నాయి. ఆ 150 వాళ్లకు. లారీ దారిలోనే కదా.

గోదారి బాబూ, మా రోజుల్లో గడ్డి ఊరికే ఇచ్చేవాణ్ని అన్నదాత అనేవాళ్లం కాదు, పిచ్చివాడు అనేవాళ్లం. చల్లగా ఉండు.

బేలర్_బాబు
4 ఏప్రిల్ 2024, రాత్రి 9.05

లారీ ఎక్కించే ముందు ఒక పని చెయ్యుండ్రి. ఒక్కో వరుసలకెల్లి ఒక కట్ట తీసి విప్పి, నడుమ చెయ్యి పెట్టి సూడాలె. వేడిగ ఉంటె ఆ వరుస పక్కకు పెట్టుండ్రి. పట్ట కప్పకుండ రాత్రి నడపనీయకుండ్రి, మంచు కాదు గని దారిల వాన తగిలితె పైసలన్నీ పాయె. కాటా స్లిప్ తీసుకోండ్రి, కట్ట 15 కిలోలు అని చెప్పి 11 కిలోలు పెట్టేటోళ్లున్నరు మా లైన్ల.

గోదారి_గట్టు
9 ఏప్రిల్ 2024, ఉదయం 9.15

ఉగాది శుభాకాంక్షలండి అందరికీ. లారీ నిన్న రాత్రి పదింటికి బయల్దేరింది. కాటా వేయించాను, 6 టన్నుల 600 తూగింది. ఫొటోలు మెసేజ్‌లో పెట్టాను.

ఆదోని_అశ్వం
10 ఏప్రిల్ 2024, ఉదయం 6.20

డోన్‌లో దించి, గుంతకల్లులో దించి, రాత్రి రెండింటికి మా ఇంటి ముందర ఆగింది. నాలుగు చోట్ల విప్పి చూసినా, ఎక్కడా వేడి లేదు, బూజు వాసన లేదు. డాక్టర్ సార్ చెప్పినట్టు శనగ పొట్టు ఆస్పరి నుంచి ఎనిమిది మూటలు తెచ్చినా. రెండూ కలిపి తడిపి పెడుతున్నా. మూడు తింటున్నాయి. చూడి గుర్రం మాత్రం పొట్టు ఏరుకుని గడ్డి పక్కకు నెట్టేస్తా ఉంది.

మూగజీవాల_డాక్టర్
10 ఏప్రిల్ 2024, ఉదయం 8.00

దానికి గడ్డిని ఇంకా చిన్నగా కత్తిరించి, కొంచెం బెల్లం నీళ్లు చిలకరించు. రెండు మూడు రోజుల్లో అలవాటు పడుతుంది. లద్దె చూస్తుండు. గట్టిగా, చిన్న ఉండలుగా వస్తే నీళ్లు చాలడం లేదని లెక్క. చూడి ఎన్నో నెల? ఎనిమిది దాటితే రోజుకు కాస్త లూసర్న్ సంపాదించాలి, ఎంత రేటైనా సరే. కర్నూల్లో పండించేవాళ్లు ఒకరిద్దరు ఉన్నారు, నంబరు పంపుతాను.

ఆదోని_అశ్వం
10 ఏప్రిల్ 2024, ఉదయం 8.25

తొమ్మిదో నెల సార్. పంపండి.

డెల్టా_వరి
10 ఏప్రిల్ 2024, ఉదయం 11.30

మా ఊళ్లో ఐదుగురం కలిసి వచ్చే ఖరీఫ్‌కు ఒక బేలర్‌ను ముందే మాట్లాడుకున్నాం, అడ్వాన్సు కూడా ఇచ్చాం. అందరి చేలూ ఒకే వారం కోయకుండా మాలో మేమే వంతులు వేసుకుంటాం. తడి సంగతి ఏమవుతుందో చూడాలి. నాది ఆఖరి వంతు, రెండో పంటకు మినుమే వేస్తానేమో.

గోదారి_గట్టు
10 ఏప్రిల్ 2024, సాయంత్రం 4.45

మా వైపు ఇంకో పది రోజులు కోతలుంటాయి. రెండో లారీకి సరిపడా గడ్డి చేలోనే ఉంది, మా చుట్టాల రైతులు ముగ్గురితో కాల్చొద్దని చెప్పి ఉంచాను. పది రోజులు దాటితే వాళ్లను ఆపలేను, చేను దున్నుకోవాలి. ఎవరికి ఎన్ని కట్టలు కావాలో కింద రాయండి.

కొత్తగా_చేరాను
10 ఏప్రిల్ 2024, సాయంత్రం 5.20

నమస్తే అండి, తాడిపత్రి. ఆవులు ఆరు, జట్కా గుర్రం ఒకటి. 100 కట్టలు కావాలి. లారీ మా ఊరిదాకా వస్తుందా?

ఆదోని_అశ్వం
10 ఏప్రిల్ 2024, సాయంత్రం 5.32

వస్తుందన్నా. డ్రైవర్ నంబరు పంపుతా. దించేదానికి మనుషుల్ని మీరే చూసుకోవాల, వాళ్లు కట్ట ముట్టరు.